16 పోర్టుల పీఓఈ స్విచ్: పోర్టులు కాదు, వాట్లు లెక్కపెట్టి కొనండి

మా చెరువులు ఉండికీ ఆకివీడుకీ మధ్యలో ఉన్నాయి. ఆరు రొయ్యల చెరువులు, నడుమ రేకుల మకాం, పక్కనే మేత గోడౌను, జనరేటర్ షెడ్డు. చెరువుల మీది కెమెరాలన్నిటినీ ఒకచోట కలిపే ఈ నెట్‌వర్క్ స్విచ్ మకాంలో బిగించి పదకొండు నెలలైంది. కొన్న వారంలోనే రాద్దామనుకున్నాను గానీ, ఒక మే నెల ఎండా, ఒక అక్టోబరు ముసురూ, రెండు వనామీ పంటలూ దాటాక రాస్తేనే చదివేవాళ్ళకు పనికొస్తుందని ఆగాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరగతి స్విచ్‌లన్నిటిలో కొంచెం అటూ ఇటూగా ఉండేవే. 16 గిగాబిట్ పోర్టులు, మేనేజ్డ్ (అంటే సెట్టింగులు మనం మార్చుకోగలిగేది), 802.3 ఏటీ అనే పీఓఈ ప్రమాణం, మొత్తం పవర్ బడ్జెట్, అంటే అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగలిగింది, 150 వాట్లు. నాకు 14,500 రూపాయలు పడింది. అట్టపెట్టె మీద ఏ అంకె చూడాలో, లోపల ఏ పేజీ తెరవాలో తెలిస్తే మీకు నచ్చిన కంపెనీది మీరే కొనుక్కోవచ్చు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. పీఓఈ అంటే నెట్‌వర్క్ తీగలోనే కెమెరాకి కావలసిన కరెంటు కూడా పంపడం. గట్టు మీద ప్రతి స్తంభానికీ 230 వోల్టుల లైను లాగి, అక్కడో అడాప్టర్ డబ్బా బిగించే పని ఉండదు. మా ఉప్పు గాలికి ఆ అడాప్టర్లు ఆరు నెలలు ఆగితే గొప్ప. పైగా పీఓఈలో వోల్టేజీ 57కి మించదు. తడి గట్ల మీద పనివాళ్ళు చెప్పుల్లేకుండా తిరిగే చోట, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కేబుళ్ళతోనే నిత్యం భయపడే చోట, ఇది చిన్న విషయం కాదు. నేను పీఓఈకి మారడానికి మొదటి కారణం అదే.

ఇక అసలు కథ. దీనికి ముందు నా దగ్గర 8 పోర్టుల మామూలు పీఓఈ స్విచ్ ఉండేది, సెట్టింగులేమీ లేనిది, బడ్జెట్ 60 వాట్లు. ఒకటో పోర్టులో చుట్టూ తిరిగే పీటీజెడ్ కెమెరా, రెండు నుంచి ఏడు దాకా ఒకే వైపు చూసే బుల్లెట్ కెమెరాలు ఆరు, ఎనిమిదో పోర్టులో శివారు చెరువు కెమెరా. ఆ చెరువు మకాంకి 140 మీటర్ల దూరం. నెట్‌వర్క్ తీగ 100 మీటర్లకు మించి లాగకూడదు కాబట్టి మధ్యలో ఒక ఎక్స్‌టెండర్ పెట్టాం. పగలంతా అన్నీ బంగారంలా పనిచేసేవి. పొద్దుగూకేసరికి మాత్రం ఎనిమిదో కెమెరా పోయేది. రెండు నిమిషాలు వచ్చేది, మళ్ళీ పోయేది, తెల్లారేదాకా అదే వరస. తెల్లవారాక చూస్తే ఏమీ ఎరగనట్టు బొమ్మ కనిపించేది.

దీని మీద రెండు నెలలు పోగొట్టుకున్నాను. కెమెరా మార్చాం. ఎక్స్‌టెండర్ మార్చాం. పిన్నులు కొత్తవి కొట్టించాం. సాయంత్రం మంచు పడి కనెక్టర్ తడుస్తుందేమోనని ప్లాస్టిక్ సంచులు కట్టాం. చెరువు గుమస్తా రోజూ ఒకటే చెప్పేవాడు, "కరెంటు పోలేదండి, ఏరేటర్లు తిరుగుతున్నాయండి, ఆ కెమెరా ఒక్కటే పోయిందండి" అని. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఆ చెరువులో రెండు ఏరేటర్లు ట్రిప్ అయ్యాయి. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అదే. మిగతా చెరువులవి ఫోనులో కనపడుతున్నాయి, ఇది మాత్రం నల్లగా ఉంది, రోజూ ఉండేదే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. ఐదున్నరకు మనిషి వెళ్ళేసరికి రొయ్యలు గట్టు వారన తేలి ఉన్నాయి. పూర్తిగా పోలేదు గానీ ఆ పంటలో ఆ చెరువు మీద మిగిలింది ఏమీ లేదు. ఇక ఆ రోజు గట్టిగా పట్టుకున్నాను, ఈ కెమెరా సంగతేంటో తేలాలని.

కెమెరాలు బిగించే కుర్రాడు భీమవరం నుంచి వచ్చి, పోర్టుకీ కెమెరాకీ మధ్యన పెట్టి వాట్లు చూపించే చిన్న మీటరు ఒకటి తెచ్చాడు. పగలు బుల్లెట్ కెమెరా ఒక్కోటి 3.5 వాట్లు తీసుకుంటోంది. రాత్రి ఐఆర్ దీపాలు (చీకట్లో కెమెరాకి బొమ్మ కనపడటానికి అందులోనే ఉండేవి) వెలిగాక 6.5. పీటీజెడ్ పగలు 9, రాత్రి 18. ఎక్స్‌టెండరూ కెమెరా కలిసి పగలు 6, రాత్రి 9.5. కాగితం మీద కూడితే పగలు మొత్తం 36 వాట్లు, రాత్రి 66.5. స్విచ్ ఇవ్వగలిగింది 60. అంతే, అంతకుమించి అందులో రహస్యమేమీ లేదు. చీకటి పడగానే కెమెరాలన్నీ ఒకేసారి ఐఆర్ వెలిగిస్తున్నాయి, బడ్జెట్ దాటుతోంది, స్విచ్ ఎవరో ఒకరిని కోసేయాలి, ఎనిమిదో పోర్టుని కోసేస్తోంది. కోశాక 57కి దిగుతుంది కాబట్టి కాసేపాగి మళ్ళీ ఇచ్చి చూస్తోంది, మళ్ళీ దాటుతోంది, మళ్ళీ కోస్తోంది.

ఎనిమిదోదాన్నే ఎందుకు? అన్ని పోర్టులకూ ప్రాధాన్యం సమానంగా ఉన్నప్పుడు చాలా స్విచ్‌లు చిన్న నంబరు పోర్టుని కాపాడి, పెద్ద నంబరు పోర్టుని ముందు వదిలేస్తాయి. కాలవ మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు, శివారువాడికి ఎండ. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు తగ్గినప్పుడల్లా మన డెల్టాలో ఎవరి చేను ముందు ఎండుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. నా శివారు చెరువు, నాకు తెలియకుండానే, స్విచ్‌లో కూడా శివారులోనే ఉంది.

అప్పుడు కొన్నాను ఈ 16 పోర్టులది. షాపులో అడిగితే "ఒక్కో పోర్టుకీ 30 వాట్లండి, మీకు తిరుగులేదండి" అన్నారు. నేనూ నమ్మాను. పెట్టె మీద కూడా 30 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. 16 పోర్టులకు 30 చొప్పున అంటే 480 వాట్లు. స్విచ్ మొత్తం బడ్జెట్ 150. ఆ 150 అన్న అంకె పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంది. పోర్టు ఎంత ఇవ్వగలదు అన్నది ఒక మాట, అన్ని పోర్టులకూ కలిపి ఎంత ఉంది అన్నది వేరే మాట. కొనేటప్పుడు రెండోదే అడగండి, మొదటిది ఎవరైనా చెబుతారు.

ఇంటికి తెచ్చి బిగించాక మొదటి రాత్రే టెన్షన్ పెట్టింది. ఈసారి బుల్లెట్ కెమెరాలు ఏడు (గోడౌను దగ్గర ఒకటి కొత్తది), ఎక్స్‌టెండర్‌తో శివారుది ఒకటి, వాటిని ఒకటి నుంచి ఎనిమిది దాకా పోర్టుల్లో పెట్టాను. తొమ్మిదిలో పీటీజెడ్, పదిలో మకాం బయటి వైఫై డబ్బా. ఎనిమిదీ వెలిగాయి. పీటీజెడ్ వెలగలేదు, వైఫై వెలగలేదు. స్విచ్ జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో చూస్తే పవర్ నిరాకరించాను అని రాసి ఉంది. అన్నీ కూడినా 80 వాట్లు దాటవు, దీని దగ్గర 150 ఉన్నాయి, ఎందుకివ్వదు? మోసపోయానని షాపుకి ఫోన్ చేసి కోప్పడ్డాను కూడా. తప్పు షాపుది కాదు, స్విచ్‌ది కూడా కాదు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే అది 'క్లాసు' పద్ధతిలో ఉంది.

ఈ క్లాసు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పీఓఈ కొన్నవాళ్ళలో చాలామంది ఇక్కడే పడతారు. తీగ గుచ్చగానే స్విచ్ ఒక్కసారిగా 48 వోల్టులు తోసేయదు. ముందు 10 వోల్టుల లోపు చిన్న వోల్టేజీ పంపి, అవతల 25 కిలో ఓముల నిరోధం ఉందా అని చూస్తుంది. ఉంటేనే అది పీఓఈ పరికరం. మీ ల్యాప్‌టాప్‌ని పొరపాటున అదే పోర్టుకి గుచ్చినా కాలిపోదు అనేది అందుకే. ఆ తర్వాత వోల్టేజీ ఇంకాస్త పెంచి, నువ్వు ఏ క్లాసు అని అడుగుతుంది. 1వ క్లాసు అంటే 4 వాట్లు పక్కన పెడుతుంది, 2వ క్లాసుకు 7, 3వ క్లాసుకు 15.4, 4వ క్లాసుకు 30. క్లాసు చెప్పని పరికరం ఉంటే సున్నా క్లాసుగా రాసుకుని దానికీ 15.4 పక్కన పెడుతుంది.

పక్కన పెట్టడం అంటే నిజంగా వాడటం కాదు, కాగితం మీద ఆయకట్టులాంటిది. ఆ ఎకరం సాగు చేసినా బీడు పెట్టినా లెక్కలో దాని వాటా దానికి ఉండిపోతుంది. మా బుల్లెట్ కెమెరా గరిష్ఠం 7.5 వాట్లని దాని కాగితంలో ఉంది. 2వ క్లాసు పరికరం 6.49 వాట్లకు మించి తీసుకోకూడదు. అంటే ఒక్క వాటు తేడాతో అది 3వ క్లాసులో పడింది, దానికి పెట్టే వాటా 7 నుంచి 15.4కి ఎగిరింది. ఏడు కెమెరాలకు 107.8 వాట్లు. ఎక్స్‌టెండర్ 4వ క్లాసు, దానికి 30. మొత్తం 137.8. మిగిలింది 12.2. పీటీజెడ్ వచ్చి 30 అడిగింది, లేవు పొమ్మంది. వైఫై డబ్బాదీ అదే గతి, నిజంగా అది తీసుకునేది 7 వాట్లే అయినా క్లాసు ప్రకారం అది కూడా 30 అడుగుతుంది.

స్విచ్ వెబ్ పేజీలో పవర్ మేనేజ్‌మెంట్ అన్న చోటికి వెళితే ఇంకో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, వాడకాన్ని బట్టి లెక్కేసేది. క్లాసు ఏదైనా సరే, ఈ క్షణంలో పోర్టు ఎంత లాగుతోందో అంతే లెక్క. రెండోది, పోర్టుకింత అని మనమే చేత్తో హద్దు రాయడం. కొన్ని పరికరాలు ఎల్ఎల్‌డీపీ అనే పద్ధతిలో వాటంతట అవే తమకెంత కావాలో వాటులో పదో వంతు దాకా కచ్చితంగా చెప్పగలవు. స్విచ్‌లో అది ఆన్ చేశాక మా పీటీజెడ్ 30 బదులు 22 వాట్ల దగ్గర అడిగింది. మా బుల్లెట్ కెమెరాలకు మాత్రం ఆ సదుపాయం లేదు. ఖరీదైనవాటిలో ఉంటుంది, చవకవాటిలో మీ అదృష్టం.

ముందు వాడకం పద్ధతి పెట్టాను. ఒక్క నిమిషంలో పీటీజెడ్, వైఫై రెండూ వెలిగాయి, మొత్తం రాత్రి 80 దగ్గర నిలబడింది. రెండు వారాలు అలాగే నడిపాను, ఏ ఇబ్బందీ రాలేదు. అయినా మార్చేశాను. నా భయం ఏమిటంటే ఇందులో ఎవరికీ కట్టుబాటు లేదు. ఒక కనెక్టర్‌లోకి నీరు దిగి కెమెరా పాడై ఎక్కువ లాగడం మొదలుపెట్టినా ఉమ్మడి కుండలోంచి లాగుతూ పోతుంది. రేపు ఇంకో నాలుగు కెమెరాలు తగిలిస్తే పగలు అన్నీ బాగుంటాయి, సాయంత్రం ఐఆర్ వెలిగాక గానీ అసలు లెక్క బయటపడదు. పాత స్విచ్‌తో పడింది అదే కదా. మళ్ళీ అలాంటి సాయంత్రాలు నాకొద్దు.

అందుకని చేత్తో హద్దులు రాశాను. బుల్లెట్ కెమెరాలకు ముందు 7 పెట్టాను, అది నా పొరపాటు. ఆ రాత్రే నాలుగో పోర్టు ఓవర్‌లోడ్ అని ఆగిపోయింది. ఆ కెమెరాకి తీగ 85 మీటర్లు, దారిలో పోయే వాట్లు కూడా పోర్టు లెక్కలోకే వస్తాయి, ఐఆర్ వెలిగిన క్షణంలో 7 దాటింది. 9కి పెంచాను, మళ్ళీ ఆ మాట లేదు. ఏడింటికి 9 చొప్పున 63, ఎక్స్‌టెండర్‌కి 14, పీటీజెడ్‌కి 24, వైఫైకి 13. కలిపితే 114. ఇంకా 36 వాట్లు చేతిలో ఉన్నాయి, అంటే మరో నాలుగు కెమెరాలకు ధైర్యంగా చోటుంది. మీరు రాసేటప్పుడు రాత్రి పూట ఎంత లాగుతోందో రెండు మూడు రోజులు చూసి, దాని మీద కనీసం రెండు వాట్లు వదిలి రాయండి. పగలు చూసి రాస్తే నాలాగే పడతారు.

తీగ మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను, ఎందుకంటే స్విచ్‌కి పెట్టిన డబ్బంతా తీగలో పోగొట్టుకునేవాళ్ళని మా చుట్టుపక్కలే చూశాను. 2003లో వచ్చిన 802.3 ఏఎఫ్ అనే మొదటి పీఓఈ ప్రమాణంలో పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తే కెమెరా దగ్గరికి 12.95 చేరతాయని లెక్క. మిగతా 2.45 వాట్లు 100 మీటర్ల తీగలో వేడిగా పోవచ్చని ముందే వదిలేశారు. ఆ లెక్క రాగి తీగకి. బజారులో సగం ధరకి దొరికే కట్టల్లో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే, కాబట్టి దారిలో పోయేదీ ఎక్కువే. నాకూ ఒక షాపులో ప్యూర్ కాపర్ అని చెప్పి అలాంటిదే కట్టారు. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనపడింది. ఆ కట్టంతా తీయించి రాగిది వేయించాక నాలుగో పోర్టు రాత్రి రీడింగు 0.4 వాట్లు తగ్గింది. చిన్న అంకెలా ఉంది గానీ, ఎండాకాలం ఆ తీగ గట్టు మీద మట్టిలో ఉడుకుతూ ఉంటుందని మరిచిపోవద్దు.

కనెక్టర్లకు చిలుము పడితే కూడా ఇదే బాధ. మా దగ్గర వర్షాకాలం దాటేసరికి స్తంభం మీది డబ్బాలో పిన్నులు ఆకుపచ్చగా తిరుగుతాయి. నిరోధం పెరుగుతుంది, వాట్ల లెక్క మెల్లగా పైకి పాకుతుంది. ఈ స్విచ్ నాకు బాగా నచ్చింది ఇక్కడే. పోర్టు వారీగా వోల్టులు, మిల్లీ ఆంపియర్లు, వాట్లు చూపిస్తుంది. ఆరో పోర్టు నెలలో 6.4 నుంచి 7.3కి వెళ్ళింది, చూసి మనిషిని పంపిస్తే కనెక్టర్ చిలుముతో నిండి ఉంది. కెమెరా పోకముందే దొరికింది. గ్రాఫు మాత్రం లేదు, ఈ క్షణపు అంకె మాత్రమే. నేను వారానికోసారి రాత్రి ఎనిమిదింటికి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. లాగ్ కూడా స్విచ్ రీస్టార్ట్ అయితే చెరిగిపోతుంది. ఈ ధరకి ఆ రెండూ ఇవ్వాల్సింది, ఇందులో నేను సర్దిచెప్పేది ఏమీ లేదు.

ఇక ప్రాధాన్యం. ప్రతి పోర్టుకీ క్రిటికల్, హై, లో అని మూడు మెట్లు ఉన్నాయి. బడ్జెట్ దాటితే 'లో' అన్న కింది మెట్టులో ఉన్నవాటిని ముందు వదులుతుంది. చాలామంది ఖరీదైన కెమెరాకి పై మెట్టు ఇస్తారు. నేను తిరగేసి పెట్టాను. ఏరేటర్లు కనిపించే ఆరు కెమెరాలకూ క్రిటికల్, గోడౌనుకీ గేటుకీ హై, పీటీజెడ్‌కి 'లో'. పీటీజెడ్ ఒక్కటి ఆగితే 18 వాట్లు మిగులుతాయి, దాంతో రెండు మూడు మామూలు కెమెరాలు నడుస్తాయి, రాత్రి పూట నాకు కావలసింది ఏరేటర్ చక్రం తిరుగుతోందా లేదా అన్న ఒక్క బొమ్మే. దాళ్వాలో నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు కదా, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అని నీళ్ళు తగ్గకముందే తేల్చుకోవాలి. తగ్గాక తేల్చేది స్విచ్, దానికి మీ చెరువుల గురించి ఏమీ తెలియదు.

దీన్ని పరీక్షించే చూశాను, ఊరికే నమ్మలేదు. మొత్తం బడ్జెట్‌ని సెట్టింగులో 150 నుంచి 75కి తగ్గించి సాయంత్రం ఆరున్నరకు పక్కన కూర్చున్నాను. ఐఆర్ వెలగగానే పీటీజెడ్ ఒక్కటే ఆగింది, మిగతావి కదల్లేదు. తర్వాత మళ్ళీ 150 చేశాను. మీరు కొన్నాక తప్పకుండా ఇది చేయండి, పావుగంట పని.

ఒక లోటు ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఆ సంగతి స్విచ్‌కి తెలియదు. దాని దృష్టిలో 150 వాట్లు ఎప్పుడూ ఉన్నట్టే, కాబట్టి ప్రాధాన్యం పనిచేయదు, పీటీజెడ్ కూడా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫోనులోంచి తొమ్మిదో పోర్టు నేనే ఆపుతున్నాను. ఇంకో మాట, ఇన్వర్టర్ లెక్కేసేటప్పుడు పీఓఈ వాట్లు మాత్రమే చూడకండి. పోర్టులన్నీ కలిసి 80 తీసుకుంటుంటే గోడ సాకెట్ దగ్గర మీటరు పెడితే 102 చూపించింది. స్విచ్ సొంత తిండి, పవర్ సప్లయిలో వేడిగా పోయేది కలిసి ఆ తేడా. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ మీద పీటీజెడ్ ఆపేస్తే మాకు రాత్రంతా వస్తోంది.

కెమెరా బిగుసుకుపోతే దానంతట అదే పోర్టు ఆపి మళ్ళీ ఇచ్చే సదుపాయం ఉంది. స్విచ్ కెమెరాను కొన్ని సెకన్లకోసారి పలకరిస్తుంది, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే కరెంటు తీసి ఇస్తుంది. ఇంతకు ముందు దీనికోసం అర్ధరాత్రి టార్చి పట్టుకుని గట్టు వెంట మనిషి నడవాల్సి వచ్చేది, వానాకాలం ఆ గట్ల మీద పాములు. ఈ ఒక్కదానికే మా గుమస్తా ఈ స్విచ్‌ని మెచ్చుకుంటాడు. కానీ జాగ్రత్త. రెండో కెమెరాకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టినప్పుడు అది జవాబు చెప్పలేదు కదా, స్విచ్ మధ్యలో కరెంటు తీసేసింది. ఆ కెమెరా మళ్ళీ లేవలేదు, సర్వీసుకి పంపాల్సి వచ్చింది. అప్‌డేట్ పెట్టే ముందు ఆ పోర్టుకి ఈ సదుపాయం ఆపండి. స్విచ్‌తో వచ్చిన పుస్తకంలో ఈ హెచ్చరిక ఒక్క వాక్యంగా అయినా రాసి ఉండాల్సింది, నేను వెతికినంతలో లేదు.

స్విచ్‌కే అప్‌డేట్ పెట్టినా, రీస్టార్ట్ చేసినా అన్ని పోర్టులూ ఒకేసారి ఆగి, రెండు నిమిషాలకు ఒకేసారి వెలుగుతాయి. పెద్ద స్విచ్‌లలో రీస్టార్ట్ అప్పుడు కూడా కరెంటు ఆగకుండా ఉండేవి ఉన్నాయి. ఇది ఆ ధర కాదు. పట్టపగలు చేసుకోండి.

వేడి గురించి రాయాలి. రేకుల మకాంలో మే నెల మధ్యాహ్నం దీని మీద చెయ్యి పెట్టలేం. కంపెనీ 50 డిగ్రీల దాకా అంటోంది, మా డబ్బాలో థర్మామీటర్ పెడితే 47 దాటింది. ఇనుప డబ్బాకి రెండు వైపులా సన్నటి జాలీ వేయించి, నేల మీద కాకుండా తూర్పు గోడకి ఎత్తులో బిగించాక కాస్త నిమ్మళించింది. ఫ్యాను చప్పుడు ఎక్కువ. మకాంలో పరవాలేదు, పడక గదిలో పెట్టుకునేది మాత్రం కాదు. ఎర్తింగ్ విడిగా వేయించండి, గట్టు మీదికి వెళ్ళే ప్రతి తీగకీ పిడుగుల పోటు నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. పాత స్విచ్‌లో ఒక్క పిడుగు వానకి రెండు పోర్టులు పోయాయి. ఇందులో ఇప్పటిదాకా పోలేదు, దానికి కారణం స్విచ్ మంచితనమో ప్రొటెక్టర్లో చెప్పలేను, ప్రొటెక్టర్లనే నమ్ముతున్నాను.

ఇంటికి బొమ్మలు తెచ్చే వైర్‌లెస్ లింకు డబ్బా మాత్రం దీని మీద నడవదు. అది 24 వోల్టుల పాసివ్ రకం. ఇందాక చెప్పిన 25 కిలో ఓముల పలకరింపు అందులో లేదు, అందుకని స్విచ్ దానికి కరెంటు ఇవ్వదు. దాని అడాప్టర్‌ని విడిగా అదే ఇన్వర్టర్‌కి కలపాల్సి వచ్చింది. కలపకుండా ఉంటే కరెంటు పోగానే కెమెరాలన్నీ నడుస్తూనే ఉంటాయి, మన ఫోనులో ఒక్కటీ కనపడదు. మీ లింకు డబ్బా ఏ రకమో ముందు చూసుకోండి.

తణుకులో చిన్న లాడ్జి నడుపుతున్న మా బావగారు ఇదే కొన్నారు. ఆయనకు చేత్తో హద్దులేమీ అక్కర్లేకపోయింది. గదుల్లో 12 ఐపీ ఫోన్లు, అన్నీ 2వ క్లాసు, 7 చొప్పున 84. వైఫై డబ్బాలు రెండు, 60. మొత్తం 144, క్లాసు పద్ధతిలోనే సరిగ్గా పట్టింది. ఆయన అడిగిందల్లా ఇంకో వైఫై డబ్బా పెట్టొచ్చా అని. రెండు పోర్టులు ఖాళీగా ఉన్నాయి గానీ 6 వాట్లే మిగిలాయి బావగారూ, ఆ పద్ధతిలో ఉంటే వెలగదు అని చెప్పాను. వాడకం పద్ధతికి మారిస్తే వెలుగుతుంది, లాడ్జి ఫోన్లకి రాత్రి ఐఆర్ దీపాల గొడవ లేదు కాబట్టి ఆయనకు ఆ పద్ధతే మంచిది. మారుస్తానన్నారు.

కొత్తగా కొనేవాళ్ళు నాలుగు కెమెరాలకైతే ఇంత పెట్టక్కర్లేదు, 60 వాట్ల చిన్నది చాలు, రాత్రి లెక్క వేసుకుని కొనండి. ఆరు దాటినా, పీటీజెడ్ ఉన్నా, పవర్ పేజీ లేని స్విచ్ జోలికి పోవద్దు. రెండు మూడు వేలు తక్కువకు వస్తుంది గానీ ఏ పోర్టు ఎందుకు ఆగిందో చెప్పదు, నేను రెండు నెలలు వెతికింది పవర్ పేజీ ఉన్నదానికి రెండు నిమిషాల పని. కొల్లేరు వైపున్న రెండో సైటులో వచ్చే నెల ఇదే రకం పెడుతున్నాను, అక్కడ కెమెరాలు పద్నాలుగు కాబట్టి 250 వాట్లది.

బిగించాక సెట్టింగుల బ్యాకప్ ఫోనులోకి దింపుకోండి, తయారీ పాస్‌వర్డ్ మార్చండి. ఏ పోర్టు ఏ చెరువో, దాని హద్దు ఎంతో, మెట్టు ఏదో ఒక అట్ట మీద తెలుగులో రాసి డబ్బా తలుపుకి లోపలి వైపు అంటించండి. మా మకాంలో అంటించాను. మొదటి వరసలో ఒకటో పోర్టు, శివారు చెరువు, 14 వాట్లు, క్రిటికల్ అని ఉంటుంది.